తెల్లబట్ట: వేడి చేసిందా, ఇన్ఫెక్షనా, గర్భసంచి పాడైందా?

తెల్లబట్ట అవుతోందని ఒక ఆడమనిషి ధైర్యం చేసి చెబితే, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆమెకు తరచుగా మూడు రకాల మాటలు వినిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ‘వేడి చేసిందిలే, సబ్జా నీళ్ళు తాగు’ అంటారు. మెడికల్ షాపులో ‘ఇన్ఫెక్షన్ అమ్మా, ఈ కోర్సు వాడు’ అని ఒక స్ట్రిప్పు చేతిలో పెడతారు. నెలల తరబడి తగ్గక టౌనుకు వెళ్తే, కొన్ని చోట్ల ‘గర్భసంచి వాచింది, తీసేస్తే పోతుంది’ అనే మాట కూడా వస్తుంది. ఒకే లక్షణానికి మూడు కారణాలు, మూడు వైద్యాలు. ఇందులో ఏది ఎప్పుడు సరైనదో తెలియక కొందరు మామూలు తడికి మందులు మింగుతున్నారు. ఇంకొందరు నిజంగా చూపించుకోవాల్సిన లక్షణాన్ని ఏళ్ళ తరబడి దాచుకుంటున్నారు. ఈ రెండో సంగతే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

కాబట్టి ఇక్కడ అవయవాల పేర్లు, లక్షణాలు దాపరికం లేకుండా రాస్తున్నాను. పేరు పెట్టి చెప్పుకోలేని చోట సరైన వైద్యం దొరకడం కష్టం.

ఏది ఎక్కడుంది

బయటికి కనిపించే పెదవుల్లాంటి భాగం చర్మం. అక్కడి నుంచి లోపలికి వెళ్ళే దారి యోని. అది సుమారు 7 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది. దాని చివర గర్భసంచి మూతి, ఆ పైన గర్భసంచి, దానికి ఇరువైపులా ట్యూబులు, అండాశయాలు. మూత్రం వచ్చే రంధ్రం వేరు, అది యోనికి కాస్త పైన ఉంటుంది.

ఇంత వివరం ఎందుకంటే, ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెప్పగలిగితే కారణం సగం దొరికినట్టే. ఒంటికి పోయేటప్పుడు లోపలి నుంచే మంట పుట్టి, మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తే అది మూత్రనాళం ఇన్ఫెక్షన్ కావచ్చు. మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు మాత్రమే చుర్రుమంటే, ఆ చర్మం ఒరుసుకుపోయిందో, ఫంగస్ పట్టిందో చూడాలి. ఇవి రెండూ వేర్వేరు ఇబ్బందులు, మందులూ వేరు.

ఇంకో సంగతి. తెల్లబట్టలో ఎక్కువ భాగం యోని గోడల నుంచి, గర్భసంచి మూతిలోని గ్రంథుల నుంచి వస్తుంది. గర్భసంచి లోపలి నుంచి వచ్చేది చాలా తక్కువ. ఆపరేషన్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఇది మళ్ళీ అవసరమవుతుంది.

కొంత తడి ఆరోగ్యానికి గుర్తే

ఈడొచ్చిన ఆడపిల్లలో ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల యోని గోడల్లో గ్లైకోజెన్ అనే చక్కెర పదార్థం చేరుతుంది. లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బాక్టీరియా దాన్ని వాడుకుని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. గిన్నెలో పాలను తోడుపెట్టినప్పుడు పులుపు పుట్టించేది కూడా ఈ ఆమ్లమే. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది ఎంత తగ్గితే అంత పులుపు. ఈ ఆమ్లం వల్ల యోనిలో పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య, అంటే పుల్లగా ఉంటుంది. ఆ పులుపులో చెడు బాక్టీరియా సులువుగా పెరగలేవు. అలాగని పెరుగు పూసుకుంటే పనిచేస్తుందని నిరూపణ లేదు. పెరుగులో ఉండే రకాలు, యోనిలో కాపు కాసే రకాలు ఒకటి కావు.

రోజుకు చెంచాలోపు తడి రావడం చాలామందికి మామూలే. అది నెలంతా ఒకేలా ఉండదు. కావలిలో డిగ్రీ చదువుతున్న 19 ఏళ్ళ అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు 28 రోజులకోసారి నెలసరి వస్తుంది. ముట్టు ఆగిన తర్వాత కొన్నాళ్ళు పొడిగా ఉంటుంది. పన్నెండో రోజు నుంచి పదిహేనో రోజు దాకా పారదర్శకంగా, జిగటగా, గుడ్డు తెల్లసొనలా సాగుతూ వస్తుంది. అండం విడుదలయ్యే రోజులవి. ఆ తర్వాత చిక్కబడి తెల్లగా మారుతుంది. ఆరాక లోదుస్తుల మీద లేత పసుపు మరక కనిపిస్తుంది. దురద లేదు, చెడు వాసన లేదు, నొప్పి లేదు. ఈ అమ్మాయికి ఏ మందూ అక్కర్లేదు. ‘ఇట్టా కారిపోతే ఎముకలు అరిగిపోతాయి, మనిషి చిక్కిపోతుంది’ అని ఎవరో అన్న మాటతో ఆమె టెన్షన్ పడుతుంటుంది. ఎముకలకూ దీనికీ సంబంధం లేదు. నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోవడం మంచిది, రక్తహీనత మన దగ్గర అంత ఎక్కువ.

గర్భంతో ఉన్నప్పుడు ఈ తడి పెరుగుతుంది, కుటుంబ నియంత్రణ మాత్రలు వాడే కొందరిలో కూడా. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి, తడి తగ్గి, గోడలు పలచబడతాయి. అప్పుడు మంట, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రం ఇన్ఫెక్షన్ వస్తుంటాయి. యాభై దాటినవాళ్ళు ‘ఈ వయసులో ఇదేం చెప్పుకునేది’ అని ఊరుకుంటారు గానీ, డాక్టర్ రాసిచ్చే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీముతో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.

వేడి చేయడం అనే మాటలో ఉన్నదెంత

పెద్దవాళ్ళ మాటను కొట్టిపారేయనక్కర్లేదు. రోహిణి కార్తెలో పొలంలో వంగి పనిచేసే మనిషి, చాటు లేదని నీళ్ళు తాగడమే మానేస్తుంది. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది. సబ్జా నీళ్ళు, బార్లీ, మజ్జిగ తాగితే మూత్రం పలచబడి మంట తగ్గుతుంది. పెద్దలు చెప్పింది ఇక్కడ పనిచేసింది. రొయ్యల ప్లాంట్లలో గంటల తరబడి తడిలో నిలబడి, బాత్రూముకు వెళ్ళాలంటే అడగాల్సి వచ్చేవాళ్ళకూ ఇదే ఇబ్బంది.

కానీ అదే సలహాతో ముక్కలు ముక్కలుగా వచ్చే తెల్లబట్ట, నిద్ర పట్టనివ్వని దురద తగ్గవు, ఎందుకంటే వాటి కారణం వేరు. చేపల పులుసు తింటే ఆ వాసన వస్తుందనే నమ్మకం మన తీరం ఊళ్ళలో గట్టిగానే ఉంది. చేపలాంటి ఆ వాసన ఒక రకం బాక్టీరియా తయారుచేసే ఎమైన్లు అనే రసాయనాల నుంచి వస్తుంది. తిన్న చేపతో దానికి సంబంధం లేదు. నెలల తరబడి నీచు మానేసిన ఆడవాళ్ళు ఉన్నారు. ఉన్న కాస్త మాంసకృత్తులు కూడా పోగొట్టుకోవడమే అది.

ఇన్ఫెక్షన్ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు ఇబ్బందులు

సాధారణంగా కనిపించేవి మూడు.

మొదటిది బాక్టీరియల్ వెజైనోసిస్. మేలు చేసే లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి, ఆ చోటును రకరకాల ఇతర బాక్టీరియా ఆక్రమిస్తాయి. పలచగా, బూడిద తెలుపు రంగులో వస్తుంది. చేప వాసన ఉంటుంది. కలయిక తర్వాత, ముట్టు రోజుల్లో వాసన ఎక్కువవుతుంది, ఎందుకంటే వీర్యానికీ రక్తానికీ పులుపును విరిచే గుణం ఉంది. దురద పెద్దగా ఉండదు. చాలామందిలో అసలు లక్షణాలే ఉండవు.

రెండోది ఫంగస్ వల్ల వచ్చేది, క్యాండిడా అంటారు. ఇక్కడ ముఖ్యమైన లక్షణం దురద. తెల్లగా, విరిగిన పాల ముక్కల్లా వస్తుంది. బయటి చర్మం ఎర్రబడుతుంది. చెడు వాసన ఉండదు. ప్రతి నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళకు జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. యాంటీబయాటిక్స్ వాడాక, గర్భంలో, షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ.

మూడోది ట్రైకోమోనాస్ అనే ఏకకణ పరాన్నజీవి. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురగగా రావచ్చు, మంట, దురద, వాసన మూడూ ఉండవచ్చు. ఇది లైంగిక సంబంధం ద్వారా వచ్చేది. మగవాళ్ళలో చాలాసార్లు లక్షణాలు ఉండవు, అందువల్ల భార్యకు మాత్రమే మందు ఇస్తే మళ్ళీ వస్తుంది. ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలనడంలో డాక్టర్లలో భేదాభిప్రాయం లేదు.

వీటికి తోడు గర్భసంచి మూతికి పట్టే గనేరియా, క్లామిడియా అనే లైంగిక వ్యాధులు ఉన్నాయి. వాటితో వచ్చే చిక్కు ఏమిటంటే చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు. పట్టించుకోకపోతే ట్యూబులకు పాకి పొత్తికడుపు నొప్పి, జ్వరం, తర్వాత పిల్లలు పుట్టకపోవడం దాకా వెళ్ళవచ్చు.

ఇక మందులు చూడండి. మొదటిదానికీ మూడోదానికీ మెట్రోనిడజోల్ లాంటివి పనిచేస్తాయి, ఫంగస్‌కు పనిచేయవు. ఫంగస్‌కు ఫ్లుకోనజోల్, క్లోట్రిమజోల్ పనిచేస్తాయి, బాక్టీరియాకు పనిచేయవు. దురదకు షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్, ఉన్న మంచి బాక్టీరియాను చంపి ఫంగస్‌ను ఇంకా పెంచగలదు. స్టిరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములైతే రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి, ఫంగస్ మొండికేస్తుంది. గజ్జల్లో తామరతో ఏడాది పొడవునా బాధపడే చాలామంది వెనక ఇలాంటి ట్యూబు ఒకటి ఉంటుంది.

పరీక్ష గదిలో తేలేది ఇలా

టంగుటూరు దగ్గర పొగాకు గ్రేడింగ్‌కు వెళ్ళే 34 ఏళ్ళ మనిషి అనుకుందాం. రెండు నెలలుగా పలచగా తెల్లబట్ట, ముట్టు తర్వాత వాసన. ఇప్పటికే షాపులో ఫంగస్ మాత్ర రెండుసార్లు వాడింది. తగ్గలేదు.

డాక్టర్ స్పెక్యులమ్ అనే పరికరంతో లోపల చూస్తారు. కొద్ది నిమిషాల పని. కాస్త అసౌకర్యంగా ఉంటుంది, తోడుగా ఆడమనిషిని ఉంచమని అడగవచ్చు. యోని గోడల మీద పలచని పూత సమంగా పరుచుకుని ఉందా అన్నది మొదటి గుర్తు. చిన్న పీహెచ్ కాగితం తాకించి చూస్తారు, 5 వచ్చింది. 4.5 దాటడం రెండో గుర్తు. ఆ స్రావం చుక్క మీద పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే చేప వాసన గుప్పున వచ్చింది, మూడోది. మైక్రోస్కోపు కింద బాక్టీరియా అంటుకుని అంచులు చెదిరినట్టున్న కణాలు కనిపిస్తే నాలుగోది. ఈ నాలుగింటిలో మూడు ఉంటే బాక్టీరియల్ వెజైనోసిస్ అని తేలుస్తారు. 1983 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతిని ఆమ్సెల్ ప్రమాణాలు అంటారు. ఆమెకు మూడు కుదిరాయి. ఫంగస్ మాత్ర ఎందుకు పనిచేయలేదో కూడా తేలిపోయింది, ఎందుకంటే ఫంగస్ ఉన్నప్పుడు పీహెచ్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది.

ఇందులో పెద్ద యంత్రాలేవీ లేవు. కాగితం ముక్క, ఒక చుక్క రసాయనం, మైక్రోస్కోపు. అయినా వాటి దాకా వెళ్ళకుండానే చాలామందికి మందు రాసేస్తారు. దానికీ ఒక కారణం ఉంది.

లక్షణం చూసి మందివ్వడంపై రెండు వాదనలు

ల్యాబు లేని ఊళ్ళో, ఒకసారి వచ్చిన మనిషి మళ్ళీ వస్తుందో రాదో తెలియని చోట, లక్షణాన్ని బట్టి అదే రోజు మందు ఇచ్చి పంపే పద్ధతి ఒకటుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ దీనికోసం రంగు రంగుల కిట్లు పెట్టింది. యోనిలో ఇన్ఫెక్షన్ అనుకుంటే ఆకుపచ్చ రంగు కిట్, అంటే రెండో నంబరుది. అందులో సెక్నిడజోల్ (మెట్రోనిడజోల్ జాతి మందు), ఫ్లుకోనజోల్ రెండూ ఉంటాయి. పొత్తికడుపు నొప్పితో వస్తే పసుపు కిట్. జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అనే పేరుతో ఈ వైద్యం ఉచితంగా, పేరు బయటపడకుండా జరుగుతుంది.

దీన్ని సమర్థించేవాళ్ళ మాట న్యాయమైనదే. ఉదయగిరి కొండల పక్క ఊరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికో, కనిగిరి అవతలి పల్లె నుంచి ఒంగోలుకో రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు, ఇంట్లో సంజాయిషీ అదనం. రిపోర్టుకు రేపు రమ్మంటే ఆమె రాదు. చేతికి అందినప్పుడే మందు ఇవ్వడం మేలు.

ఎదుటివాళ్ళ మాటలోనూ బలముంది. తెల్లబట్ట అన్న ఒక్క లక్షణాన్ని బట్టి గనేరియా, క్లామిడియా ఉన్నాయో లేవో చెప్పడం కష్టమని ఎన్నో పరిశోధనల్లో తేలింది. ఫలితంగా ఏ జబ్బూ లేనివాళ్ళకు యాంటీబయాటిక్స్ అందుతాయి, లక్షణం లేకుండా జబ్బున్నవాళ్ళు తప్పిపోతారు. అనవసరంగా లైంగిక వ్యాధి అనే ముద్ర పడితే ఆ ఇంట్లో జరిగే గొడవ ఏ రిపోర్టులోనూ ఉండదు. నా దృష్టిలో ఈ రెంటికీ మధ్య దారి ఉంది. కనీసం పీహెచ్ కాగితం, స్పెక్యులమ్‌తో ఒకసారి చూడటం జరిగితే చాలా తప్పులు తగ్గుతాయి, వాటికి ల్యాబు అక్కర్లేదు.

భర్తకూ మందు అవసరమా

ట్రైకోమోనాస్ విషయంలో అవసరమని పైన చెప్పుకున్నాం. ఫంగస్ విషయంలో మగవాళ్ళకు దురద, ఎర్రదనం ఉంటే తప్ప మామూలుగా అక్కర్లేదు. చిక్కంతా బాక్టీరియల్ వెజైనోసిస్‌తోనే. మందు వాడాక ఏడాదిలోపు సగానికి పైగా మందిలో అది తిరిగి వస్తుంది. భర్తకు మాత్రలిచ్చి చూసిన పాత పరిశోధనల్లో ఉపయోగం కనిపించలేదు కాబట్టి, ఇది లైంగికంగా సంక్రమించేది కాదని, భర్తకు వైద్యం వద్దని చాలా ఏళ్ళు చెబుతూ వచ్చారు.

2025 మార్చిలో ఆస్ట్రేలియా పరిశోధకులు 164 జంటలతో చేసిన అధ్యయనం ఒకటి అచ్చయింది. ఒక గుంపులో ఆడవాళ్ళకు మాత్రమే వైద్యం చేశారు. రెండో గుంపులో మగవాళ్ళకు కూడా ఏడు రోజులు మెట్రోనిడజోల్ మాత్రలు, అంగానికి రాసుకునే క్లిండామైసిన్ క్రీము ఇచ్చారు. పన్నెండు వారాల్లో మొదటి గుంపులో 63 శాతం మందికి తిరగబెట్టింది, రెండో గుంపులో 35 శాతం మందికి. తేడా ఎంత పెద్దదంటే అధ్యయనాన్ని ముందే ఆపేశారు. ఆ జంటలందరూ ఒకరితో ఒకరే సంబంధం ఉన్నవాళ్ళు, మన దేశంలో ఇంకా ఇలాంటిది చూడాలి అనే జాగ్రత్త మాట కూడా ఉంది. అయినా మాటిమాటికీ తిరగబెట్టే ఆడమనిషి డాక్టర్‌తో ఈ సంగతి ఎత్తడానికి ఇప్పుడు గట్టి ఆధారం దొరికింది. ఇంటాయనను కూడా తీసుకురమ్మని డాక్టర్ అంటే, అది ఎవరి మీదా అనుమానంతో అన్న మాట కాదు.

దురద తిరిగి తిరిగి వస్తుంటే షుగర్ వైపు చూడాలి

ఒంగోలులో 47 ఏళ్ళ ఆవిడ, నాలుగేళ్ళుగా షుగర్. ఈ ఏడాది మూడుసార్లు ఫంగస్ వచ్చింది. ప్రతిసారీ మాత్రతో తగ్గి, మళ్ళీ మొదలు. ఆమె మందుల చీటీలో ఆరు నెలల కిందట కొత్తగా చేరింది డాపాగ్లిఫ్లోజిన్. ఈ రకం మందులు రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులే. కానీ చక్కెర కలిసిన మూత్రం తగిలే చోట ఫంగస్ సులువుగా పెరుగుతుంది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు, 2025 మార్చిలో అదే రకానికి చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగిసి ధరలు తగ్గాక వీటి వాడకం మన ఊళ్ళలోనూ పెరిగింది. గైనిక్ డాక్టర్‌కు షుగర్ మందు సంగతి తెలియదు, షుగర్ డాక్టర్‌కు దురద సంగతి ఈవిడ చెప్పదు. రెండు చీటీలూ ఒకేచోట చూపిస్తేనే ఈ ముడి విడుతుంది. మందు తనంతట తాను ఆపేయడం ప్రమాదం. మార్చాలా, కొనసాగిస్తూ జాగ్రత్తలు తీసుకోవాలా అన్నది డాక్టర్ తేలుస్తారు.

షుగర్ ఉందని అసలు తెలియనివాళ్ళకు, తగ్గని దురదే మొదటి గుర్తు కావడమూ ఉంది.

శుభ్రత గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దురద, వాసన ఉన్నప్పుడు డెట్టాల్, ఉప్పునీళ్ళు, సబ్బుతో లోపల కడిగేవాళ్ళు ఎక్కువ. యోని లోపలి భాగం తనను తాను శుభ్రం చేసుకుంటుంది. లోపల కడిగేవాళ్ళలో బాక్టీరియల్ వెజైనోసిస్ ఎక్కువగా కనిపిస్తుంది. ప్రకటనల్లో వచ్చే వాష్‌లు బయటి చర్మానికి వాడితే చాలామందికి హాని ఉండకపోవచ్చు, అవసరం కూడా లేదు, పరిమళం కలిపినవి కొందరికి మంట పుట్టిస్తాయి. మామూలు నీళ్ళు చాలు. ట్యాంకరు వచ్చే రోజు కోసం ఎదురుచూసే మార్కాపురం, కనిగిరి వైపు పల్లెల్లో ఆ మామూలు నీళ్ళే కరువు. ముట్టు గుడ్డలు ఎండలో ఆరేయలేక మూలన ఆరబెట్టుకునే పరిస్థితిని ఆ మనిషి అశుభ్రత కింద లెక్కకట్టడం అన్యాయం.

పరీక్షల్లో ఏమీ తేలనప్పుడు

పరీక్షలన్నీ మామూలుగా వచ్చినా తెల్లబట్ట, నడుము నొప్పి, నీరసం అంటూ తిరిగే ఆడవాళ్ళు చాలామంది. గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం రెండువేలకు పైగా మహిళలతో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, తెల్లబట్ట ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్ల కంటే దిగులు, ఆందోళన, ఇంటి కష్టాలతోనే బలమైన సంబంధం కనిపించింది.

దీన్ని రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. మనసులోని బాధను చెప్పుకునే వీలు లేని మనిషి ఒంటి బాధగా చెప్పుకుంటుంది, ఆమెకు కావాల్సింది వినే మనిషి అని కొందరంటారు. అలా అనుకుంటూ పోతే నిజమైన జబ్బును కూడా ‘అంతా మనసులోదే’ అని పంపేస్తారని మరికొందరి భయం. ఆ భయానికి ఆధారం ఉంది, ఆడవాళ్ళ నొప్పిని తేలిగ్గా తీసుకోవడం కొత్తది కాదు. అందుకే వరస ముఖ్యం. ముందు పరీక్ష, జబ్బు లేదని తేలాక ఇంట్లో ఎలా ఉంది, నిద్ర పడుతోందా, ఎవరైనా కొడుతున్నారా అని అడగడం. పల్లెల్లో ఆ ప్రశ్న అడగగలిగింది చాలాసార్లు ఆశా కార్యకర్త, లేదా ఏఎన్ఎమ్. ‘ఏందక్కా, ఇట్టా చిక్కిపోయినావు’ అన్న పలకరింపుతోనే చాలా సంగతులు బయటికొస్తాయి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

కలయిక తర్వాత రక్తం కనపడటం. ముట్లుడిగి ఏడాది దాటాక, ఒక్క మరక అయినా సరే, మళ్ళీ ఎరుపు కనపడటం. దుర్వాసనతో, రక్తం కలిసిన నీళ్ళలా రావడం. ఇవి గర్భసంచి మూతి క్యాన్సర్‌కో, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కో గుర్తులు కావచ్చు. చాలాసార్లు కాకపోవచ్చు కూడా, కానీ చూడకుండా తెలియదు.

జ్వరం, వాంతులతో పొత్తికడుపు నొప్పి ఉంటే, కాన్పు లేదా అబార్షన్ తర్వాత దుర్వాసన, జ్వరం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. గర్భిణికి ఒక్కసారిగా నీళ్ళలా కారితే అది ఉమ్మనీరు కావచ్చు. గర్భంలో దురద వస్తే ఫ్లుకోనజోల్ మాత్ర సొంతంగా వేసుకోకూడదు, డాక్టర్లు బదులుగా క్లోట్రిమజోల్ లాంటి లోపల పెట్టే మందు ఇస్తారు. పుండ్లు, నీటి పొక్కులు, ఏదో బయటికి జారినట్టు అనిపించడం కూడా చూపించుకోవాల్సినవే.

ఈడు రాని చిన్నపిల్లలో తెల్లబట్ట, రక్తం కనపడితే నులిపురుగులు, లోపల ఇరుక్కున్న వస్తువు, చర్మం ఇబ్బంది ఇలా కారణాలు చాలా ఉంటాయి. ఎవరైనా ఆ పిల్లతో తప్పుగా ప్రవర్తించారా అన్నది కూడా పెద్దవాళ్ళు ఆలోచించి తీరాలి. పిల్లను గద్దించకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

పెళ్ళి కాని అమ్మాయిని గైనిక్ దగ్గరికి తీసుకెళ్ళడానికి తల్లులు జంకుతారు. అలాంటి అమ్మాయికి డాక్టర్లు సాధారణంగా లోపలి పరీక్ష చేయరు. మాటలతోనే చాలా సంగతి తేలుతుంది, బయటినుంచి చూడటం, మూత్ర పరీక్ష, అవసరమైతే సన్నని దూదిపుల్లతో నమూనా, ఇంతే.

‘పుండు ఉంది’, ‘గర్భసంచి వాచింది’, ‘తీసేద్దాం’

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన మాట. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. అందరికీ తెల్లబట్ట కోసమే తీశారని కాదు, అధిక రక్తస్రావం, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే గడ్డలు) పెద్ద కారణాలు. కానీ తెల్లబట్ట, క్యాన్సర్ భయం కూడా ఆ దారిలో కనిపిస్తూనే ఉంటాయి.

36 ఏళ్ళ రైతుకూలీ మనిషిని ఊహించండి. ఇద్దరు పిల్లలు, ఇరవై మూడేళ్ళకే పిల్లల ఆపరేషన్ అయింది. తెల్లబట్ట తగ్గదు. స్కానింగ్‌లో ‘బల్కీ యూటరస్’, అంటే గర్భసంచి పెద్దగా ఉందని వచ్చింది. లోపల చూసినవాళ్ళు మూతి మీద ‘ఎరోషన్’, అంటే పుండు ఉందన్నారు. ‘ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు చాలు గదా, ఇంక దాంతో పనేముంది’ అన్నారు.

ఒక్కో మాటా విడదీసి చూద్దాం. కాన్పులైన గర్భసంచి కాస్త పెద్దగా ఉండటం మామూలే. నొప్పి, అధిక రక్తస్రావం లేకుండా ఆ ఒక్క మాట మీద ఆపరేషన్ అక్కర్లేదు. ఎరోషన్ అనేది చాలాసార్లు పుండే కాదు. మూతి లోపలి ఎర్రని పొర బయటికి తిరిగి కనపడటం అది. యువతుల్లో, గర్భంలో, కుటుంబ నియంత్రణ మాత్రలు వాడేవాళ్ళలో సహజం, దానివల్ల తడి ఎక్కువ రావచ్చు. నాబోథియన్ సిస్టులు అని రిపోర్టులో వస్తే అవీ హాని లేని చిన్న నీటి గుల్లలు.

తెల్లబట్ట ముదిరి క్యాన్సర్ కాదు. గర్భసంచి మూతి క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాల్లో హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. అందులో 16, 18 రకాలే సుమారు 70 శాతానికి బాధ్యులు. వైరస్ పట్టిన నాటి నుంచి క్యాన్సర్ దాకా మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆ మధ్యలో పట్టుకోవడానికే స్క్రీనింగ్. ప్రభుత్వ కార్యక్రమం కింద 30 నుంచి 65 ఏళ్ళవాళ్ళకు ఐదేళ్ళకోసారి మూతికి పలచని ఎసిటిక్ ఆమ్లం రాసి తెల్లమచ్చలు చూసే పరీక్ష ఉంది. మూతి నుంచి కణాలు తీసి మైక్రోస్కోపులో చూసే పాప్ స్మియర్ కూడా ఉంది. వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష ఇంకా నమ్మకమైనది. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. భయానికి కారణం ఉన్నమాట నిజమే, దానికి సరైన జవాబు పరీక్ష, ఆడపిల్లలకు టీకా. ఆరోగ్యంగా ఉన్న గర్భసంచిని కోసి తీయడం జవాబు కాదు.

ఆపరేషన్ అవసరమైనవాళ్ళూ ఉన్నారు. క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద ఫైబ్రాయిడ్లు, బాగా జారిపోయిన గర్భసంచి. అలాంటివాళ్ళకు అది ప్రాణం పోసే వైద్యమే, వాళ్ళు భయపడి మానేయకూడదు. కానీ 36 ఏళ్ళకు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్, అంటే ముట్లుడిగిన స్థితి. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు పలచబడటం, గుండె జబ్బు ప్రమాదం పెరగడం. అండాశయాలు ఉంచినా కొందరిలో మెనోపాజ్ కొన్నేళ్ళు ముందే వస్తుంది. ఇన్ని చేసినా తెల్లబట్ట పోతుందన్న హామీ లేదు, ఎందుకంటే స్రావం వచ్చే యోని గోడలు అక్కడే ఉంటాయి. ఫంగస్, బాక్టీరియా కూడా అక్కడే పెరుగుతాయి.

అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, ఇలాంటి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మన ఉదాహరణలోని మనిషి ఆ స్కానింగ్ కాగితం పట్టుకుని ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రుల్లోనో, కావలి, కందుకూరు, మార్కాపురంలోని ప్రభుత్వాసుపత్రుల్లోనో ఇంకో గైనిక్ డాక్టర్‌కు చూపిస్తే, ఆమె అడగాల్సినవి మూడే. తెల్లబట్టకు కారణం ఏ పరీక్షలో తేలింది, మూతికి స్క్రీనింగ్ చేశారా, ఆపరేషన్ కాకుండా ముందు ప్రయత్నించే వైద్యం ఏమిటి.